పదకొండు రాత్రుల చీకటి

స్కాట్లాండు పడమటి తీరానికి అవతల, అట్లాంటిక్ సముద్రంలో ఒక చిన్న దీవి. దాని మీద ఒక లైట్‌హౌసు. 1900 డిసెంబరులో అందులో కాపలా వున్న ముగ్గురూ మాయమైపోయారు. శవాలు కూడా దొరకలేదు. ఫ్లానన్ దీవుల కథ అంటే ఇదే. మీరూ ఎక్కడో ఒకచోట వినే వుంటారు. మిస్టరీ కథలు చెప్పేవాళ్ళకి ఇది ఎప్పటికీ పాతబడని సరుకు.

ఈ కథ మామూలుగా ఎలా సాగుతుందో మీకు తెలుసు. బల్ల మీద వడ్డించిన భోజనం వడ్డించినట్టే వుంది. కుర్చీ ఒకటి వెల్లకిలా పడి వుంది. లాగ్ పుస్తకంలో వింత వింత రాతలున్నాయి: ఎవరూ ఎరగని తుఫాను, సముద్రంలో రాటుదేలిన మనిషి వెక్కివెక్కి ఏడవడం, ముగ్గురూ మోకాళ్ళ మీద కూచుని ప్రార్థన చెయ్యడం. ఆపైన కథకుడు గొంతు తగ్గించి, "ఏమైందో ఈరోజుకీ ఎవరికీ తెలీదు" అంటాడు.

ఇందులో చాలా భాగం కల్పన. సరే, కల్పన కాని పాత కథ ఏది అంటారా? నాకూ దెయ్యాల కథలంటే ఇష్టమేనండీ, దాంతో నాకు పేచీ లేదు. నా బాధల్లా ఒకటే. ముగ్గురు మనుషులు ఏమైపోయారన్న ప్రశ్న చుట్టూ వందేళ్ళ పైబడి తిరుగుతున్నాం గానీ, దాని పక్కనే ఇంకో ప్రశ్న వుంది, దాన్నెవరూ అడగడం లేదు. నావలకి దారి చూపించడానికి కట్టిన దీపం 11 రాత్రులు వెలగలేదు. వెలగలేదన్న సంగతి చూసినవాళ్ళు కూడా వున్నారు. అయినా ఎవరూ కదల్లేదు. ఎందుకని?

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పుకోవాలి.

ఫ్లానన్ దీవులు లూయిస్ అనే పెద్ద దీవికి పడమరగా సుమారు 32 కిలోమీటర్ల దూరంలో వుంటాయి. వీటికి 'ఏడుగురు వేటగాళ్ళు' అని ఇంకో పేరుంది. అన్నిట్లోకీ పెద్దది ఐలన్ మోర్. గేలిక్ భాషలో ఆ మాటకి అర్థం కూడా పెద్ద దీవి అనే. పెద్దదంటే మహా అయితే ఓ నలభై ఎకరాలు. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు, పైన గడ్డి, పాడుబడ్డ ఓ చిన్న ప్రార్థనామందిరం. జనం నివాసం లేదు. అక్కడ 23 మీటర్ల ఎత్తున లైట్‌హౌసు కట్టడానికి నాలుగేళ్ళు పట్టింది, 1895 నుంచి 1899 వరకు. సామాన్లన్నీ పడవల్లోంచి కొండచరియ మీదకి లాక్కోవలసిందే. దీన్ని రూపొందించిన డేవిడ్ అలన్ స్టీవెన్సన్, 'ట్రెజర్ ఐలండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కి పెదతండ్రి కొడుకు. ఆ ఇంట్లో తాత, తండ్రి, కొడుకు, అందరూ లైట్‌హౌసులు కట్టినవాళ్ళే. రచయిత ఒక్కడే దారి తప్పాడన్న మాట!

1899 డిసెంబరు 7న మొదటిసారి దీపం వెలిగించారు.

ఇప్పుడు డ్యూటీ సంగతి. మొత్తం నలుగురు కీపర్లు. ఎప్పుడూ ముగ్గురు దీవి మీద, ఒకరు ఒడ్డున. ఒడ్డున అంటే లూయిస్‌లో బ్రెస్‌క్లెట్ అనే వూళ్ళో, వాళ్ళ కుటుంబాలుండే క్వార్టర్సులో. వంతుల ప్రకారం పడవ వచ్చి ఒకర్ని దింపి ఇంకొకర్ని ఎక్కించుకుపోతుంది. రాత్రంతా వంతులు వేసుకుని దీపం చూసుకోవాలి. తెల్లారాక ఆర్పి, తుడిచి, మళ్ళీ నూనె నింపి, కటకం శుభ్రం చేసి, గాలి ఎటు వుంది, బారోమీటరు ఎంత చూపిస్తోంది అన్నీ రాసిపెట్టాలి. ఆ తర్వాత వంట, గిన్నెలు, మరమ్మతులు. ఈ పని సరిగ్గా చేస్తే ఎవరూ మెచ్చుకోరు. అసలు ఎవరికీ తెలీదు. చెయ్యకపోతేనే తెలిసేది. మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాళ్ళ పని కూడా అచ్చం ఇంతే కాబట్టి, ఈ ముగ్గురి మీద నాకు కొంచెం బంధుప్రీతి వుంది.

1900 డిసెంబరులో దీవి మీద వున్న ముగ్గురు: పెద్ద కీపరు జేమ్స్ డ్యుకాట్, ఈ ఉద్యోగంలో ఇరవయ్యేళ్ళ పైన అనుభవం వున్నవాడు. రెండో అసిస్టెంటు థామస్ మార్షల్. మూడోవాడు డోనల్డ్ మెకార్థర్. ఇతను పర్మనెంటు కాదు. మొదటి అసిస్టెంటు జబ్బుచేసి సెలవులో వుంటే అతని బదులు వచ్చిన మనిషి. మన భాషలో చెప్పాలంటే కాంట్రాక్టు ఉద్యోగి. డ్యుకాట్‌కి భార్య, నలుగురు పిల్లలు. మెకార్థర్‌కి భార్య, ఇద్దరు పిల్లలు. మార్షల్‌కి ఇంకా పెళ్ళి కాలేదు.

డిసెంబరు 20న రావలసిన పడవ, హెస్పరస్, సముద్రం బాగోక 26న మధ్యాహ్నం గానీ చేరలేదు. ఈల వేసారు, రాకెట్టు వదిలారు. పైనుంచి జవాబు లేదు. సెలవు ముగించుకుని డ్యూటీకి వచ్చిన నాలుగో కీపరు జోసెఫ్ మూర్ ఒక్కడే పైకెక్కాడు. గేటు మూసి వుంది. బయటి తలుపు మూసి వుంది. పొయ్యిలో నిప్పు ఆరిపోయి చాలా రోజులైనట్టుంది. గడియారాలు ఆగిపోయాయి. పక్కలు ఖాళీ. అతను పరిగెత్తుకుంటూ కిందకి వచ్చాడు. ఆ మనిషికి ఆ మెట్లు దిగుతున్నప్పుడు ఎలా వుండివుంటుందో ఊహించుకోండి. పోయినవాళ్ళు అతనికి మిస్టరీలోని పాత్రలు కాదు, తోటి ఉద్యోగులు.

ఆ తర్వాత అతను ఏం చేసాడో చూడండి. పడవలోంచి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ముగ్గుర్ని తోడు తీసుకుని అదే దీవి మీద, అదే ఇంట్లో వుండిపోయాడు. ఆ రాత్రే దీపం వెలిగించారు. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. కథ చెప్పేవాళ్ళు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

29న సూపరింటెండెంటు రాబర్ట్ మ్యూర్‌హెడ్ దర్యాప్తుకి వచ్చాడు. ఆయన ఇచ్చిన నివేదిక తేదీ 1901 జనవరి 8. దాన్ని చదివితే మిస్టరీ చాలావరకు కరిగిపోతుంది. 13వ తేదీ దాకా వివరాలు పుస్తకంలో వున్నాయి. 14, 15 తేదీలవి పలక మీద సుద్దముక్కతో రాసి వున్నాయి, తర్వాత పుస్తకంలోకి ఎక్కించడానికి. చివరిది 15వ తేదీ శనివారం ఉదయం 9 గంటలకి. దీపం తుడిచి వుంది, నూనె నింపి వుంది, కటకం శుభ్రంగా వుంది. వంటింట్లో గిన్నెలు కడిగి పెట్టి వున్నాయి. అంటే పొద్దుటి పనంతా పూర్తి చేసారు, సాయంత్రం అగ్గిపుల్ల గీస్తే చాలు అన్నట్టు. సగం తిన్న భోజనం లేదు, పడిపోయిన కుర్చీ లేదు.

పడమటి రేవు మాత్రం ధ్వంసమై వుంది. ఇనప కమ్మీలు వంగిపోయాయి. టన్ను పైన బరువున్న బండరాయి చోటు మారింది. సముద్రమట్టానికి 33 మీటర్ల ఎత్తులో, రాతి సందులో తాళ్ళు వగైరా దాచిన పెట్టె కొట్టుకుపోయింది. డ్యుకాట్, మార్షల్‌ల సముద్రపు బూట్లు, వానకోట్లు లేవు. మెకార్థర్ కోటు మాత్రం వంకెన వుండిపోయింది. 15 మధ్యాహ్నం ఆ సామాన్లు భద్రం చెయ్యడానికి కిందకి దిగినప్పుడు అనుకోని పెద్ద కెరటం ఒకటి ముగ్గురినీ తుడుచుకుపోయి వుంటుందని మ్యూర్‌హెడ్ తేల్చాడు. కోటు కూడా వేసుకోకుండా మూడోవాడు ఎందుకు పరిగెత్తాడో ఎవరైనా ఊహించగలరు. పైన కూచున్నవాడు కింద వున్నవాళ్ళకి ఏదో ముంచుకొస్తోందని చూసివుంటాడు. ఇది ఊహే, ఒప్పుకుంటాను. కానీ దెయ్యం కన్నా నాకు ఈ ఊహే మనిషితనంతో కూడినదిగా కనిపిస్తుంది.

ఆ ముగ్గురితోనూ చివరగా చేతులు కలిపింది కూడా ఆ మ్యూర్‌హెడ్డే. డిసెంబరు 7న ఆయన ఆ దీవికి వెళ్ళి వచ్చాడు. డ్యుకాట్‌నీ మార్షల్‌నీ ఆ పనికి సిఫార్సు చేసింది కూడా ఆయనే. తన మనుషుల చావు మీద తనే నివేదిక రాయాల్సి రావడం ఎవరికీ వద్దు.

మరి కుర్చీ, భోజనం ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1912లో విల్‌ఫ్రిడ్ గిబ్సన్ అనే ఆంగ్ల కవి ఈ సంఘటన మీద రాసిన పద్యం నుంచి. కవి కాబట్టి ఆయనకి ఆ హక్కుంది, తప్పు పట్టలేం. ఏడుపులు, ప్రార్థనలు వున్న లాగ్ పుస్తకం మాత్రం 1929లో ఒక అమెరికన్ చవకరకం పత్రికలో పుట్టింది. దాన్ని తర్వాతి పుస్తకాలవాళ్ళు ఒకర్ని చూసి ఒకరు ఎత్తి రాసుకున్నారు. 1998లో మైక్ డాష్ అనే పరిశోధకుడు మొదటినుంచీ తవ్వి, అది నకిలీ అని తేల్చేదాకా చాలామంది నిజమనే నమ్మారు. ఇప్పటికీ నమ్ముతున్నారు. కొంచెం ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. కింది ఉద్యోగి ఆఫీసు రికార్డులో "మా బాసు ముభావంగా వున్నాడు, ఆ రెండోవాడు ఏడుస్తున్నాడు" అని రాస్తాడా? ఏ ఆఫీసులోనైనా?

ఇక అసలు విషయానికి వద్దాం. 15 రాత్రి నుంచి 25 రాత్రి దాకా దీపం వెలగలేదు. ఇది ఎవరికి తెలియాలి, ఎవరికి తెలిసింది?

ఒకటి. 15 రాత్రే ఆర్క్‌టర్ అనే ఆవిరి ఓడ ఆ దారిన పోతూ దీపం లేదని గమనించింది. 18న లీత్ రేవు చేరింది. లీత్ అంటే ఎడిన్‌బరో రేవే. లైట్‌హౌసు బోర్డు ఆఫీసు వున్నది ఎడిన్‌బరో జార్జ్ స్ట్రీట్‌లో. మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లకి మించదు. అట్లాంటిక్ మొత్తం దాటి వచ్చిన కబురు ఆ నాలుగు కిలోమీటర్లూ దాటలేకపోయింది.

రెండు. దీవి కనబడేలా లూయిస్ ఒడ్డున ఒక మనిషిని కాపలా పెట్టారు. రోడరిక్ మెకంజీ అని, వేట భూములు చూసుకునే ఉద్యోగి. దీపం కనిపించిందా లేదా అని రోజూ చూసి రాసుకోవడం అతని అదనపు పని. అతని లెక్క ప్రకారం 7న దీపం కనిపించింది. 8, 9, 10, 11 తేదీల్లో కనిపించలేదు. 12న కనిపించింది. ఆ తర్వాత 26 దాకా మళ్ళీ లేదు.

ఈ లెక్కని కొంచెం ఆగి చూడండి. 8 నుంచి 11 దాకా దీవి మీద ముగ్గురూ బతికే వున్నారు, దీపం వెలిగిస్తూనే వున్నారు. అయినా ఒడ్డుకి కనిపించలేదు, ఎందుకంటే మంచు, వాన, మబ్బు. నాలుగైదు రాత్రులు వరసగా కనబడకపోవడం ఆ చోట మామూలే. కనుక 15 తర్వాత కనిపించకపోతే అతను మొదట కంగారు పడలేదు. తర్వాత బెంగ పెట్టుకున్నాడు, ఊళ్ళోవాళ్ళని కూడా పిలిచి చూడమన్నాడు. అతని తప్పేమీ లేదు. "నాకు కనబడటం లేదు" అన్నదానికీ "అక్కడ లేదు" అన్నదానికీ తేడా చెప్పే సాధనం అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు.

మా వృత్తిలో ఇది రోజూ చూసే రోగం. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో రాత్రి పూట నడిచే ప్రోగ్రాం ఒకటి వుండేది. ఫెయిలైతేనే మెయిలు పంపేలా దాన్ని ఎవరో ఎప్పుడో రాసి పెట్టారు. మెయిలు రాలేదంటే అంతా బాగున్నట్టే లెక్క. ఓసారి ఆ మెయిలు పంపే యంత్రమే పడిపోయింది. వారం రోజులు ఎవరికీ ఒక్క మెయిలూ రాలేదు, అందరూ హాయిగా వున్నారు. బాగుందన్న నిశ్శబ్దమూ, చచ్చిపోయిన నిశ్శబ్దమూ వినడానికి ఒక్కలాగే వుంటాయి మరి. అందుకే ఇప్పుడు బుద్ధి వున్న సిస్టములన్నీ "నేను బతికే వున్నాను" అని నిమిషానికోసారి చెబుతూ వుంటాయి. ఆ మాట ఆగితే గంట మోగుతుంది. దీనికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. "ఇన్ని రాత్రులు కనిపించకపోతే ఫలానా వాళ్ళకి టెలిగ్రాం కొట్టు" అనే ఒక్క నియమం వుంటే 1900లో కూడా సరిపోయేది.

ఇదేదో నేను వందేళ్ళ తర్వాత కుర్చీలో కూచుని చెబుతున్న తెలివి కాదు. మ్యూర్‌హెడ్ తన నివేదికలోనే రాసాడు. ఒడ్డున చూసే మనిషి అలవాటైన లైట్‌కీపరు అయివుంటే తేడా వచ్చిందని ముందే పసిగట్టేవాడని, దానివల్ల ప్రమాదం ఆగకపోయినా దీపం తొందరగా వెలిగేదని. ఇకమీదట కనిపించవలసిన వాతావరణంలో దీపం కనిపించకపోతే వెంటనే ఆఫీసుకి తెలపాలని సూచన కూడా చేసాడు. మేము ఇప్పుడు పోస్ట్‌మార్టం అని గొప్పగా చెప్పుకునే కాగితానికి ఇంతకన్నా మంచి నమూనా నేను చూడలేదు. ఏం జరిగింది, ఏ ఆధారంతో చెబుతున్నాం, ఎక్కడ లోపం, ఇకపై ఏం మార్చాలి. పోయినవాళ్ళ మీద నింద లేదు. చూడ్డానికి పెట్టిన మనిషి మీదా నింద లేదు. ఇంతా చేసి ఒడ్డు నుంచి కబుర్లు అందుకునే వైర్‌లెస్ ఆ లైట్‌హౌసుకి చేరింది 1925లో. అంటే 25 ఏళ్ళకి. స్కాట్లాండు లైట్‌హౌసుల్లో అదే ముందు వరసలోనిదట!

దెయ్యం కథ మీద నా అభ్యంతరం ఇదే. దెయ్యం కథలో ఎవరూ జవాబుదారీ కారు. సముద్రరాక్షసుడో, పిచ్చెక్కిన కీపరో పట్టుకుపోతే బోర్డు చేసేదేముంది? ఆ కథలో తెలివైన ఉద్యోగి తుఫానుకి భయపడి ఏడ్చే పిరికివాడైపోయాడు. కొన్ని కథల్లో ఒకణ్ణొకడు చంపుకున్న హంతకులయ్యారు. 2018లో వచ్చిన సినిమా కూడా బంగారం, హత్యలు అంటూ ఆ దారే పట్టింది. పొద్దున్నే గిన్నెలు కడిగి, దీపంలో నూనె పోసి, ఆఫీసు సామాను పోకూడదని కెరటాల్లోకి దిగిన మనుషులకి ఇదా దక్కవలసింది? వాళ్ళకీ పిల్లలున్నారు. ఆ పిల్లలకీ పిల్లలున్నారు.

"ఆ మిస్టరీ లేకపోతే డ్యుకాట్ పేరు నీకెలా తెలిసేది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజంగా తెలిసేది కాదు. డ్యూటీలో పోయిన కీపర్లు ఎందరో వున్నారు, వాళ్ళ మీద పద్యాలు లేవు. కాబట్టి కల్పన వాళ్ళని బతికించింది అనడంలో నిజముంది. కాకపోతే పేర్లు బతికాయి గానీ మనుషులు బతకలేదు. ఆ పేర్లకి వేరే మనుషుల్ని తగిలించాం.

ఇది స్కాట్లాండువాళ్ళ గొడవ అని వదిలేద్దామన్నా నాకు కుదరడం లేదు. మన దగ్గర లైన్‌మన్ స్తంభం మీద ప్రాణం పోగొట్టుకుంటే మొదట వినిపించే మాట "వాడి టైము బాలేదు". మ్యాన్‌హోల్‌లో దిగినవాడు తిరిగి రాకపోతే "వాడి ఖర్మ". అదీ ఒకరకం దెయ్యం కథే. సప్లై ఆపకుండా ఎక్కమన్నదెవరు, గాలి వుందో లేదో చూడకుండా దింపినదెవరు, వాడు పైకి రాలేదని ఎంతసేపటికి ఎవరు గమనించారు అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాట కింద సమాధి అయిపోతాయి. విధి మీదకి తోస్తే ఫైలు తేలిగ్గా మూసెయ్యొచ్చు.

ఐలన్ మోర్ దీపాన్ని 1971 సెప్టెంబరు 28న ఆటోమేటిక్ చేసేసారు. 1998 మార్చిలో ఫెయిర్ ఐల్ సౌత్ నుంచి ఆఖరి కీపర్లు దిగిపోవడంతో స్కాట్లాండులో లైట్‌హౌసు కీపరు అనే ఉద్యోగమే లేకుండా పోయింది. ఇప్పుడా దీపాల్ని ఎడిన్‌బరోలో అదే జార్జ్ స్ట్రీట్ ఆఫీసు నుంచి తెరల మీద చూస్తుంటారు. దీపం ఆరితే తెలియడానికి ఇవాళ ఎవరూ దుర్భిణి పట్టుకుని చలిలో నిలబడక్కర్లేదు. మనుషుల్ని ఆ రేవుల్లోకి దింపకుండా పని జరగడం మంచిదే, దానికి నేను కన్నీళ్ళు పెట్టుకోను.

కానీ మనుషులు దిగక తప్పని చోట్లు మన చుట్టూ ఇంకా చాలానే వున్నాయి. వాళ్ళు ఏ పనికి దిగారో, ఎప్పటికి తిరిగి రావాలో, రాకపోతే గంట ఎవరి దగ్గర మోగాలో ముందే రాసి పెట్టుకున్నామా అన్నదే నా ప్రశ్న. ఫ్లానన్ దీవుల గురించి మీకెవరైనా గొంతు తగ్గించి చెబితే, ఆ 11 రాత్రుల సంగతి కూడా అడగండి.